రాత్రిళ్లు వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వస్తోంది, ఇంట్లో కంప్యూటర్ టేబుల్ ఎలా సర్దుకోవాలి?

వేళచ్చేరి_కోడర్:

అందరికీ నమస్తే. మాది నెల్లూరు, చెన్నైలో మెడికల్ కోడింగ్ చేస్తున్నాను, అంటే పేషెంట్ల చార్టులు (వైద్య రికార్డులు) చదివి ఒక్కో జబ్బుకీ దాని కోడ్ నంబరు వేసే పని. వారంలో రెండు రోజులు పెరుంగుడి ఆఫీసుకి వెళ్లాలి, మిగతా రోజులు వేళచ్చేరిలో మేం అద్దెకుంటున్న ఇంట్లోంచే పని. కొంతకాలంగా రాత్రి పడుకున్నాక కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి మెలకువ వచ్చేస్తోంది, లేచి కూర్చుని చెయ్యి గట్టిగా విదిలిస్తే కాసేపటికి తగ్గుతుంది, పడుకుంటే మళ్లీ అదే. పగలు చెయ్యి బాగానే ఉంటుంది కానీ సాయంత్రమయ్యేసరికి మెడ నుంచి కుడి భుజం దాకా పట్టేసి తల తిప్పాలన్నా నొప్పే.

నా సెటప్ చెబుతాను. ఓనరు వాళ్ల డైనింగ్ టేబుల్, ప్లాస్టిక్ కుర్చీ, ఆఫీసు ఇచ్చిన 14 అంగుళాల ల్యాప్‌టాప్, ఎడమ పక్కన ఒక పాత మానిటర్. మానిటర్‌లో పేషెంట్ చార్ట్ తెరిచి పెట్టుకుని ల్యాప్‌టాప్‌లో కోడ్స్ కొడతాను, అంటే రోజంతా మెడ ఎడమకి, చెయ్యి మౌస్ మీద. గంటకి ఇన్ని చార్టులని టార్గెట్ ఉంటుంది కాబట్టి మధ్యలో లేవాలంటే టెన్షన్. నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం.

మొత్తం ఎనిమిది వేల దాకా పెట్టగలను. నిలబడి పనిచేసే టేబుల్ కొనాలా, మంచి కుర్చీ కొనాలా, నిలువుగా ఉండే మౌస్ ఏదో వచ్చిందట అది కొనాలా? ఆన్‌లైన్‌లో చూస్తే ప్రతిదాని మీదా ఎర్గోనామిక్ (ఒంటికి అనువైనది) అనే రాసి ఉంది, ఏది నమ్మాలో తెలియడం లేదు. టేబుల్ ఓనరుది కాబట్టి కాళ్లు కోయించడం కుదరదు. కుడిచేతి కార్పల్ టనెల్‌కి, అంటే మణికట్టులో నరం నలిగే జబ్బుకి, జీ56.01 అని రోజూ కోడ్ వేసేదాన్ని, అదే నాకూ వచ్చిందేమోనని భయంగా ఉంది. అమ్మకి చెబితే ఉద్యోగం మానేసి వచ్చేయమంటుంది, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

ఓఎంఆర్_టెస్టర్:

కొనడం సంగతి తర్వాత, ముందు ఇంట్లో టేపు ఉంటే తీయండి.

మన దగ్గర డైనింగ్ టేబుల్ అయినా ఆఫీసు టేబుల్ అయినా 75 సెంటీమీటర్లు, అంటే 30 అంగుళాలకి కాస్త అటూఇటూగా ఉంటుంది. బాగా పొడుగు మనిషికి అది సరిపోతుంది. మీ ఎత్తు ఉన్నవాళ్లకి కీబోర్డు మోచేతి కంటే చాలా పైన పడుతుంది, దాన్ని అందుకోవడానికి మీకు తెలియకుండానే రోజంతా భుజాలు పైకి లాక్కుని కూర్చుంటారు, అలసిపోయాక మణికట్టుని టేబుల్ అంచుకి ఆనించి వేళ్లు పైకి వంచుతారు. మెడ నొప్పి వేరు, చేతి తిమ్మిరి వేరు అన్నట్టు రాశారు గానీ రెండింటి వెనకా ఈ ఎత్తు తేడాయే ఉండొచ్చు. అది సరిచేయకుండా ఎంత ఖరీదైన మౌస్ కొన్నా భుజం మాత్రం పైనే ఉంటుంది.

ఇలా కొలవండి. కుర్చీలో వెనక్కి జరిగి కూర్చుని భుజాలు పూర్తిగా వదిలేయండి, మోచేతులు ఒంటికి ఆనేలా ఉంచి ముంజేతులు నేలకి సమాంతరంగా చాపండి. ఇంకెవరినైనా నేల నుంచి మోచేయి కింది భాగం దాకా టేపు పెట్టి చూడమనండి. కీబోర్డు పైభాగం ఆ ఎత్తుకి రావాలి, ఒక రవ్వ కిందకి ఉన్నా మంచిదే, పైకి మాత్రం వద్దు. చాలామంది పాదాలు నేలకి ఆనాలని కుర్చీ దించుకుంటారు, దాంతో మొత్తం లెక్క మారిపోతుంది. ముందు మోచేయి చూసుకోవాలి, కుర్చీ లేపాక పాదాలు గాల్లో ఉంటే వాటి కింద పీట వేసుకోవాలి, స్క్రీన్ ఎత్తు అన్నిటికంటే ఆఖర్న. పాదాలు వేలాడదీసి మాత్రం కూర్చోవద్దు, కుర్చీ అంచు తొడల కింద నొక్కుకుని కాళ్లు కూడా తిమ్మిరెక్కుతాయి.

మూడు కొలతలు పెట్టండి: మోచేయి, టేబుల్, కుర్చీ సీటు. అప్పుడు ఏం కొనాలో మాట్లాడుకుందాం.

ఫిజియో_తిరుపతి:

నేను ఫిజియోథెరపిస్టుని, అంబత్తూరులో పనిచేస్తున్నాను. టేబుల్ గురించి పైన బ్రదర్ సరిగ్గా చెప్పారు, నేను చేతి గురించి చెబుతాను.

మణికట్టు లోపల ఎముకలకీ ఒక గట్టి పట్టీకీ మధ్య ఇరుకైన దారి ఉంటుంది. వేళ్లని వంచే తొమ్మిది స్నాయువులు (కండని ఎముకకి కలిపే తాళ్లలాంటివి), వాటితోపాటు మీడియన్ నరం అందులోంచే వెళ్తాయి. లోపల వాపు వచ్చినా, మణికట్టు చాలాసేపు వంగి ఉన్నా ముందు నలిగేది ఆ నరమే. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం దాని కిందికి వస్తాయి. నిద్రలో మనం మణికట్టు మడిచి పడుకుంటాం కాబట్టి రాత్రిళ్లు ఎక్కువవుతుంది. విదిలిస్తే తగ్గడం కూడా దీనికి బాగా తెలిసిన లక్షణమే. అయినా ఇక్కడ చదివి ఇదేనని నిర్ణయించుకోకండి, మెడలో నరం నొక్కుకున్నా చేతివేళ్లకి తిమ్మిరి వస్తుంది, మీకు మెడ నొప్పి కూడా ఉంది కదా. ఆర్థోపెడిక్ డాక్టరుకో న్యూరాలజిస్టుకో చూపించండి, అవసరమైతే నరాల పరీక్ష రాస్తారు, నరంలో సంకేతం ఎంత వేగంగా వెళ్తోందో అందులో తెలుస్తుంది.

కీబోర్డునే పట్టుకుని మిగతా కారణాలు వదిలేయవద్దు. థైరాయిడ్ తక్కువగా ఉన్నా, షుగర్ ఉన్నా, గర్భంతో ఉన్నా ఈ తిమ్మిరి వస్తుంది. బీ12 తక్కువైనా వేళ్లలో చిమచిమలు ఉంటాయి, అయితే అది చాలాసార్లు రెండు చేతుల్లో, పాదాల్లో కూడా కనిపిస్తుంది. ఈ రక్త పరీక్షలు పెద్ద ఖర్చు కాదు, ఒక్కసారి చేయించేసుకోండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేలోపు మీరు చేయగలిగింది ఒకటుంది. మందుల షాపులో రిస్ట్ స్ప్లింట్ అని అడిగితే లోపల రేకు ఉన్న పట్టీ ఇస్తారు. రాత్రి పడుకునేటప్పుడు వేసుకోండి. చాలా పట్టీల్లో రేకు పైకి వంచి ఉంటుంది, దాన్ని బయటికి తీసి మణికట్టు నిటారుగా ఉండేలా సరిచేసి పెట్టుకోండి, వేలు దూరేంత వదులు ఉండాలి. పగలు టైప్ చేస్తూ వేసుకోవద్దు, మణికట్టు కదలకపోతే ఆ భారమంతా మోచేతికీ భుజానికీ పోతుంది.

బొటనవేలి కింద అరచేతిలో ఉండే కండ పలచబడినట్టు కనిపించినా, చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమైనా, చేతిలోంచి గ్లాసు జారిపోతున్నా, పగలంతా కూడా తిమ్మిరి వదలకపోయినా ఇక టేబుల్ సర్దుకుంటూ కూర్చోవద్దు, వెంటనే వెళ్లాలి. నరం ఎక్కువ కాలం నలిగితే ఆ కండ మళ్లీ పూర్తిగా రాకపోవచ్చు.

బెంగళూరు_కడపోడు:

నా అనుభవంలో నిలబడే టేబుల్‌కి మించింది లేదు అక్కా. మారతహళ్లిలో మా ఆఫీసులో బటన్ నొక్కితే లేచే టేబుళ్లు ఉన్నాయి, అది వచ్చాక నా నడుం నొప్పి చాలా తగ్గింది. ఇంట్లోకి అయితే చేత్తో తిప్పి లేపేవి కూడా దొరుకుతాయి, కొంచెం బడ్జెట్ పెంచుకుని అదే తీసుకోండి. దాన్ని మీ ఎత్తుకి దించుకోవచ్చు కూడా, ఓనరు టేబుల్ గొడవే ఉండదు.

డీటీపీ_బాబాయ్:

కడప బాబూ, నువ్వు చెప్పిన దాంట్లో సగం నిజం ఉంది. చాలా టేబుళ్లు 70, 72 సెంటీమీటర్ల దాకా మాత్రమే దిగుతాయి, ఈ అమ్మాయి ఎత్తుకి అదీ ఎక్కువే, కొనేముందు ఎంత కిందకి దిగుతుందో చూడకపోతే డబ్బు దండగ. ఇంకోటి, నిలబడటం మందు కాదు. టీ నగర్ చీరల షాపుల్లో పొద్దున్నించి రాత్రిదాకా నిలబడే ఆడపిల్లల కాళ్లు చూశావా? వాళ్ల కోసమే 2021లో తమిళనాడు ప్రభుత్వం 1947 నాటి షాపుల చట్టాన్ని సవరించి కూర్చునే హక్కు ఇచ్చింది, ప్రతి షాపులో పనివాళ్లకి కుర్చీలు వేయాలని. కేరళ అంతకుముందే 2018లో చేసింది. ఒకే భంగిమలో గంటలకొద్దీ ఉండటం వల్లే ఒళ్లు చెడుతుంది, అది కూర్చోవడమైనా నిలబడటమైనా. నీకు నడుం తగ్గింది కూడా మధ్య మధ్యలో లేస్తున్నావు కాబట్టే.

అమ్మాయీ, నేను మౌంట్ రోడ్డు పక్కన తెలుగు డీటీపీ చేస్తాను, అంటే కంప్యూటర్‌లో పుస్తకాల పేజీలు తయారుచేసే పని, పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పుస్తకాలు కట్టిన కాలం నుంచి ఇదే పని. ఒక్కో ఒత్తుకీ ఒక్కో కీ, షిఫ్ట్ పట్టుకునే కొట్టాలి, మా తోటివాళ్లలో చేతులు పాడుచేసుకున్నవాళ్లు ఉన్నారు, అందుకే ఇంత రాస్తున్నాను.

నువ్వు కుర్చీ కంటే ముందు వెతకాల్సింది పాతకాలం కంప్యూటర్ టేబుల్. కింద కీబోర్డు కోసం బయటికి లాగే పలక ఉంటుంది చూడు, అది. ఇప్పుడు ఎవరూ కొనడం లేదు, అందరికీ ల్యాప్‌టాప్‌లే కదా, అందుకే చవగ్గా ఇచ్చేస్తున్నారు. ఆ పలక మామూలుగా 65 నుంచి 68 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది, పొట్టివాళ్లకి సరిగ్గా కావాల్సింది అదే. కానీ ఒకటి గమనించు, కొన్నిటికి పలక ఇరుకుగా ఉండి కీబోర్డు మాత్రమే పడుతుంది, మౌస్ పైన పెట్టాల్సి వస్తుంది. అలాంటిది వద్దే వద్దు. మౌస్ కోసం చెయ్యి పైకీ ముందుకీ చాపి రోజంతా ఉంచితే ఆ భుజం నొప్పి నీ చెయ్యి వదలదు. కీబోర్డు, మౌస్ రెండూ పక్కపక్కన పట్టేంత వెడల్పు ఉండాలి, లాగితే ఊగకూడదు, కింద మోకాళ్లు తగలకూడదు.

కీబోర్డు వెనక చిన్న కాళ్లు ఉంటాయి కదా, అవి మడిచెయ్యి. వాటిని తెరిస్తే మణికట్టు ఇంకా పైకి వంగుతుంది. కీబోర్డు ముందు పెట్టే మెత్త టైప్ చేస్తూ ఆనించడానికి కాదు, ఆగినప్పుడు అరచేతి కింది భాగం పెట్టుకోవడానికి, మణికట్టు లోపలి భాగాన్ని దేనికీ నొక్కవద్దు. మౌస్‌ని గట్టిగా పట్టుకోవద్దు, పిచ్చుకని పట్టుకున్నట్టు పట్టుకో. పాయింటర్ వేగం కొంచెం పెంచుకుంటే మోచేయి కదిలించే దూరం తగ్గుతుంది. చార్టులు కిందకి జరపడానికి చక్రం తిప్పుతూ ఉంటావేమో, చూపుడువేలు అరిగిపోయేది దానివల్లే, స్పేస్ బారో పేజ్ డౌనో నొక్కితే పేజీ పేజీ దిగుతుంది, ఎడమ చేత్తో కూడా చేయొచ్చు.

వేళచ్చేరి_కోడర్:

బాబాయ్, ఫిజియో గారు, టెస్టర్ గారు, చాలా థాంక్స్ అండి. మా రూమ్మేట్‌తో కొలిపించాను. కుర్చీ సీటు 43, మోచేయి 64, టేబుల్ 76. కీబోర్డు మందం కలిపితే 78. చిటికెన వేలికి ఏమీ లేదు. స్ప్లింట్ తెచ్చుకున్నాను, డాక్టరు అపాయింట్‌మెంట్ కూడా తీసుకున్నాను. థైరాయిడ్ అమ్మకి ఉంది, నాకు ఎప్పుడూ చూపించుకోలేదు, ఈసారి రాయమని అడుగుతాను.

రెండు డౌట్లు. ల్యాప్‌టాప్, మానిటర్ రెండూ ఎలా పెట్టాలి? ఆఫీసు ల్యాప్‌టాప్‌లో పెన్‌డ్రైవ్ పనిచేయదు, మరి బయటి కీబోర్డు పనిచేస్తుందా? ఇంకా టార్గెట్ సంగతి ఏం చేయను, లేస్తే గంట లెక్క తగ్గిపోతుంది.

ఓఎంఆర్_టెస్టర్:

మీ లెక్క చూస్తే బాబాయ్ గారి మాటే ఖాయం. ఓనరు టేబుల్ మీదే చేయాలంటే సీటు 14 సెంటీమీటర్లు లేవాలి, అంటే 57 దాకా. మామూలు ఆఫీసు కుర్చీలు 52 చుట్టుపక్కల ఆగిపోతాయి, ఆ తర్వాత పైన గట్టి దిండు, కింద ఎత్తు పీట, అదొక అవస్థ. పలక ఉన్న టేబుల్ అయితే పలక 66 అనుకుంటే కీబోర్డుతో 68, సీటు 47 దాకా లేపితే చాలు. పాదాల కింద ఏడెనిమిది సెంటీమీటర్ల పీట వేసుకుంటే సరిపోతుంది. డైనింగ్ టేబుల్‌ని అన్నం తినడానికే వదిలేయండి.

ల్యాప్‌టాప్‌తో వచ్చే ఇబ్బంది ఏంటంటే స్క్రీన్, కీబోర్డు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, ఒకటి సరైన ఎత్తుకి తెస్తే రెండోది తప్పుతుంది. అందుకే బయటి కీబోర్డు, మౌస్ తప్పనిసరి, నిజానికి మీ ఎనిమిది వేలలో ముందు ఖర్చు అదే. పెన్‌డ్రైవ్ ఆపేసిన ల్యాప్‌టాప్‌లో కూడా వైరు ఉన్న కీబోర్డు, మౌస్ మామూలుగా పనిచేస్తాయి, బ్లూటూత్‌వి మాత్రం కొన్ని కంపెనీలు ఆపేస్తాయి. ముందు ఎవరిదైనా తెచ్చి గుచ్చి చూడండి. రిచీ స్ట్రీట్‌లో వైరువి చవగ్గా దొరుకుతాయి. నంబర్ ప్యాడ్ లేని పొట్టి కీబోర్డు అయితే మౌస్ ఒంటికి దగ్గరగా వస్తుంది, కానీ కోడ్స్‌లో అంకెలు ఎక్కువ కాబట్టి పై వరస అంకెలు అలవాటు ఉందో లేదో చూసుకుని తీసుకోండి.

ఎక్కువసేపు దేన్ని చూస్తారో అది ముక్కుకి సూటిగా ఉండాలి. మీకు అది చార్ట్, కాబట్టి మానిటర్ మధ్యలోకి రావాలి, ల్యాప్‌టాప్ పక్కకి పోవాలి. ఇప్పుడు మీది తలకిందులుగా ఉంది. మానిటర్ పై అంచు కంటి ఎత్తుకి లేదా కొంచెం కిందకి, దూరం చెయ్యి చాచినంత. ల్యాప్‌టాప్ కింద లావు పుస్తకాలు పెట్టి రెండు స్క్రీన్ల పై అంచులు ఒకే వరసలోకి తెండి, కాస్త మీవైపు తిప్పి పెట్టండి. అక్షరాలు కనబడక ముందుకి వంగుతుంటే స్క్రీన్ దగ్గరికి లాక్కోకుండా కంట్రోల్, ప్లస్ నొక్కి పెద్దవి చేసుకోండి. కిటికీ వెనక ఉన్నా ఎదురుగా ఉన్నా కళ్లు చికిలించాల్సి వస్తుంది, పక్కకి ఉండేలా తిప్పుకోండి. మన చెన్నై మధ్యాహ్నం ఎండకి అది ఇంకా ముఖ్యం.

ఫిజియో_తిరుపతి:

టార్గెట్ గురించి నేను చెబుతాను. గంటకోసారి పది నిమిషాలు లేవడం కుదరకపోతే దాన్ని ముక్కలు చేయండి. ఒక చార్ట్ అయిపోయి ఇంకోటి తెరుచుకునే సమయం ఉంటుంది కదా, ఆ కాసేపు చేతులు మౌస్ మీంచి తీసి ఒళ్లో వదిలేయండి, భుజాలు దించండి. అది లెక్కలో కనిపించదు, కండరాలకి మాత్రం రక్తం అందుతుంది. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరంలో ఉన్నదాన్ని ఇరవై సెకన్లు చూడమని కంటి డాక్టర్లు చెబుతారు, ఆ ఇరవై సెకన్లలోనే చేతికీ విశ్రాంతి. చిన్న గ్లాసుతో నీళ్లు పెట్టుకోండి, నింపుకోవడానికైనా లేస్తారు.

డాక్టరు దగ్గర కంప్యూటర్ పని గురించి ఒక చీటీ రాయించుకుని మేనేజరుకి, హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టండి. నోటితో చెప్పింది ఎవరికీ గుర్తుండదు. పెద్ద కంపెనీల్లో ఎవరైనా వచ్చి మీ సీటు చూసి సరిచేసే ఏర్పాటు ఉంటుంది, కుర్చీ, కీబోర్డు వాళ్లే ఇస్తారు, అడిగినవాళ్లకే ఇస్తారు. చేతికి నయమయ్యేదాకా టార్గెట్ తగ్గించమని అడగడం తప్పు కాదు. రోజుకి వందల చార్టులు చూసే మనిషి చెయ్యి పాడైతే వాళ్లకీ నష్టమే.

పని అయ్యాక కూడా చెయ్యి పనిలోనే ఉంటుందేమో చూడండి. పడుకుని ఫోన్ పైకెత్తి పట్టుకుని బొటనవేలితో జరుపుతూ ఉండటం, స్కూటీ హ్యాండిల్ బిగించి పట్టుకోవడం, తడి బట్టలు పిండటం, చపాతీ పిండి కలపడం, అన్నీ ఆ మణికట్టు మీదే పడతాయి. రూమ్మేట్లతో కొన్నాళ్లు పనులు మార్చుకోండి. నిలువు మౌస్ ఇప్పుడే వద్దు, ఎత్తు సరిచేశాక కూడా ముంజేయి లాగుతుంటే అప్పుడు చూద్దాం, అది కూడా మీ చేతి సైజుకి సరిపోయేది, పెద్దది కొంటే ఇంకా గట్టిగా పట్టుకోవాల్సి వస్తుంది.

బెంగళూరు_కడపోడు:

బాబాయ్ చెప్పింది నిజమే, మా ఆఫీసు టేబుల్ ఎంత కిందకి దిగుతుందో ఇప్పుడే కొలిచాను, 71. అక్కకి కుదరదు. పాత టేబుల్ దొరికితే దాంతోనే వెళ్లండి అక్కా.

వేళచ్చేరి_కోడర్:

మానిటర్ మధ్యలోకి జరిపాను, వెంటనే తేడా తెలుస్తోంది, మెడ తిప్పే పనే లేదు. టేబుల్, కుర్చీ సెకండ్ హ్యాండ్‌వి ఎక్కడ చూడాలి? కుర్చీలో ఏం చూసుకోవాలి?

డీటీపీ_బాబాయ్:

పల్లవరం శుక్రవారం సంతకి వెళ్లమ్మా, పొద్దున్నే వెళ్లు, ఎండ ఎక్కితే కష్టం. ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) వెంట కూడా ఖాళీ చేసిన ఆఫీసుల సామాను అమ్మే షాపులు ఉన్నాయి, కంపెనీలు వాడిన కుర్చీలు కొత్త చవక కుర్చీల కంటే చాలా గట్టివి. టేపు వెంట పెట్టుకో. కుర్చీలో కూర్చుని కాసేపు అలాగే ఉండు, నెమ్మదిగా కిందకి దిగిపోతుంటే గ్యాస్ పోయిందని అర్థం, వదిలెయ్. వెనక్కి ఆనుకుని కూర్చున్నప్పుడు మోకాలి వెనక సీటు అంచుకి రెండు మూడు వేళ్ల సందు ఉండాలి, మనవాళ్లకి చాలా కుర్చీల సీటు పొడుగు ఎక్కువై అంచున కూర్చుంటారు, ఇక వీపు ఆనేదెక్కడ. చేతులు పెట్టుకునే దిమ్మెలు పలక కిందకి దూరేంత దిగాలి, లేకపోతే దగ్గరికి జరగలేవు. దిగకపోతే అవి విప్పించెయ్యి. తల ఆనించే దిండు ఉందని ధర ఎక్కువ చెబుతారు, టైప్ చేసేటప్పుడు దాంతో పనిలేదు. టేబుల్‌కి పలక ఎత్తు 68 దాటితే బేరం ఆడకుండానే పక్క షాపుకి వెళ్లిపో.